కొత్త పాట ఎక్కడ పుడుతుంది?
(మన ఇళ్లలో వినదగిన అయిదు ఆల్బములు)



పాట లేని క్రైస్తవ గృహం ఉండదు. తెల్లవారుజామున కుటుంబ ప్రార్థన పాటతోనే మొదలవుతుంది. నాట్లు వేసే పొలంలో, పెళ్లి పందిట్లో, చివరకు సమాధి దగ్గర కూడా మనం పాడుతూనే ఉంటాం. అయితే ఈ మధ్య పల్లె సంఘాలు తిరుగుతున్నప్పుడు మేము ఒక సంగతి గమనించాం. ఏ ఊరికి వెళ్లినా అదే కీబోర్డు, మీట నొక్కగానే దానంతటదే మోగే అదే తాళం. కొత్త పాటలని చెప్పి వచ్చినవి కూడా కొన్ని ఎప్పుడో విన్న బాణీకి మాటలు మార్చినట్టే ఉంటున్నాయి. పాడేవారి భక్తిని మేము శంకించడం లేదు. కాని కొత్త కీర్తన పాడమని కీర్తనకారుడు పదే పదే పిలుస్తుంటే, మనమిచ్చే జవాబు ఇంతేనా అని మనసు చివుక్కుమంది.

దానికి తోడు కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఒక తగవు వచ్చింది. క్రిస్మస్‌కు ముందు యౌవనస్థులు వచ్చి, "అయ్యగారూ, ఈసారి ఆరాధనలో డప్పు వాయిస్తాం" అని అడిగారు. మేము సంతోషంగా సరే అనబోయాం. ఇంతలో సంఘ పెద్దలలో వయసు మళ్లిన ఒకాయన లేచారు.

"అయ్యగారూ, మా నాయన ఈ ఊరికి డప్పు కొట్టినవాడు. ఎవరి ఇంట చావైనా, ఊళ్లో చాటింపైనా, అర్ధరాత్రయినా సరే కబురొచ్చేది. రానంటే తిట్లు, దెబ్బలు. ఆ డప్పు దించుకోవడానికే మేము గుడికి వచ్చాం. మళ్లీ ఈ గుడిలోనే నా మనవడి మెడలో దాన్ని వేస్తారా?" అన్నారు.

మా దగ్గర జవాబు లేకపోయింది. పిల్లలు తలలు దించుకున్నారు. డప్పు మాట ఆ రోజుకు ఆగింది గాని, మా మనసులో ఆగలేదు. ఒక వాయిద్యానికి అంటిన అవమానం పోతుందా? ఎవరూ లెక్కచేయని గొంతుకు గుడిలో చోటు దొరుకుతుందా? ఈ ప్రశ్నలతోనే మేము లోకంలో వేరు వేరు చోట్ల పుట్టిన ఆల్బములు వెదకి వింటూ వచ్చాం. మన ప్రాంతంలో వీటిని విన్నవారు తక్కువ. అందులో అయిదింటిని ఈ నెల మీ ముందు పెడుతున్నాం.

1. వీధిలో పడుకునేవాని గొంతు

మొదటి ఆల్బము ఇంగ్లండు దేశపు స్వరకర్త గావిన్ బ్రయర్స్ చేసినది. దాని పేరు 'జీసస్ బ్లడ్ నెవర్ ఫెయిల్డ్ మీ యెట్'. యేసు రక్తము నన్ను ఇంతవరకు విడువలేదని దాని భావం.

1971లో బ్రయర్స్ స్నేహితుడు ఒకడు లండనులో ఇల్లూ వాకిలీ లేక వాటర్లూ రైల్వే స్టేషను పరిసరాల్లో రోడ్ల మీద బ్రతికేవారిని గురించి ఫిల్ము తీస్తున్నాడు. వారిలో కొందరు తాగిన మత్తులో ఏవేవో పాటలు పాడారు. ఒక ముసలాయన మాత్రం తాగేవాడు కాదు. ఆయన ఈ చిన్న భక్తి పాట పాడాడు. ఆ ముక్క ఫిల్ములో పనికిరాలేదు. వాడని టేపులన్నీ బ్రయర్స్ చేతికి వచ్చాయి. ఇంటికి తీసుకెళ్లి విని చూస్తే, ఆ ముసలి గొంతు శ్రుతి ఆయన పియానోకు సరిగ్గా కలిసింది!

అర నిమిషం పాటి ఆ ముక్కను మళ్లీ మళ్లీ వచ్చేట్టు టేపు మీద ఎక్కించుకుందామని ఆయన తాను పనిచేసే లెస్టరు పట్టణానికి వెళ్లాడు. అక్కడ రికార్డింగు గది పక్కనే బొమ్మలు వేసే విద్యార్థుల పెద్ద గది. యంత్రం తిరుగుతుండగా తలుపు తెరిచి ఉంచి ఆయన కాఫీకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి, ఎప్పుడూ సందడిగా ఉండే గది నిశ్శబ్దంగా ఉంది. నడిచేవారు మెల్లగా నడుస్తున్నారు. ఒకరిద్దరు ఒంటరిగా కూర్చుని కన్నీళ్లు తుడుచుకుంటున్నారు. వాద్యాలు లేవు, బృందగానం లేదు. ఉన్నదల్లా ఆ ముసలాయన గొంతు ఒక్కటే.

అప్పుడు బ్రయర్స్ చేసిన పని మెచ్చదగినది. ఆ గొంతును ఆయన దిద్దలేదు. అది ఎలా సాగితే అలా సాగనిచ్చి, దాని కిందికి మెల్లగా తీగవాద్యాలను, ఆ తరువాత మిగతా వాద్యాలను తెచ్చాడు. మొదట గొంతు ఒక్కటే దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. పోను పోను వాద్యబృందం అంతా ఆ బిచ్చగాని వెనుక రాజు వెనుక పరివారంలా నడుస్తుంది. 1975లో ఇది మొదటిసారి గ్రామఫోను రికార్డుగా వచ్చింది. రికార్డుకు ఒక వైపు పట్టేంతే కాబట్టి అప్పుడు 25 నిమిషాలతో ముగించారు. 1993లో సి.డి. కోసం 74 నిమిషాలకు పెంచారు. దాని చివరి భాగంలో అమెరికా గాయకుడు టామ్ వెయిట్స్ ఆ ముసలాయనతో గొంతు కలుపుతాడు.

పాడిన ముసలాయన మాత్రం ఇవేవీ వినకముందే చనిపోయాడు.

మన సంఘాల్లోనూ అలాంటి గొంతులున్నాయి. వెనుక చాప మీద కూర్చుని, పళ్లూడిన నోటితో, అందరికంటే ఒక క్షణం వెనుకగా పాడే అవ్వ దగ్గరకు మనం మైకు ఎప్పుడైనా తీసుకెళ్లామా? ఈ ఆల్బము విన్న తరువాత మేము సిగ్గుపడ్డాం. మొదటిసారి వినేవారు 25 నిమిషాల పాత రికార్డుతో మొదలుపెడితే మంచిది. ఒకటే మాట తిరిగి తిరిగి వస్తున్నదని మొదట్లో విసుగు పుట్టవచ్చు. పది నిమిషాలు ఓర్చుకోండి, ఆ తరువాత ఆ గొంతు మిమ్మల్ని లేవనివ్వదు.

2. పాలకొల్లు పిల్లవాని మాండలిన్

రెండవది మన గడ్డ మీద పుట్టినవారిది. మాండలిన్ శ్రీనివాస్‌గారు 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. మాండలిన్ యూరపు నుంచి వచ్చిన వాయిద్యం. మన దేశంలో సినిమా పాటల వెనుక వినిపించేది గాని, కర్ణాటక సంగీతానికి పనికిరాదని పెద్దలు అనుకునేవారు. జంట తీగల మీద గమకం పలకడం కష్టం, మీటిన స్వరం చప్పున ఆరిపోతుంది.

ఆయనకు నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాయించేవారు కారు. గురువు గొంతుతో పాడితే, పిల్లవాడు దాన్ని తీగ మీద వెదికి పట్టుకునేవాడు. జంట తీగలు తీసివేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకుని, విద్యుత్తుతో మోగే మాండలిన్‌ను తనకు తగినట్టు మార్చుకున్నారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో కచేరీ చేసేనాటికి ఆయన వయసు తొమ్మిదేళ్లు. 2014 సెప్టెంబరులో 45 ఏళ్లకే చెన్నైలో కన్నుమూశారు.

ఆయన కచేరీలు విన్నవారు చాలామంది ఉన్నారు. కాని 1995లో కెనడా దేశపు గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' అనే ఆల్బము మన వాళ్లలో తక్కువమందికే తెలుసు. ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ దాన్ని విడుదల చేసింది. బ్రూక్ కూడా తన వాయిద్యాన్ని మార్చుకున్నవాడే. మీటిన స్వరం ఆరిపోకుండా ఎంతసేపైనా నిలిచే గిటారును ఆయన తయారుచేసుకున్నాడు. ఆ నిలిచిన నాదం మీద మన మాండలిన్ వానచినుకుల్లా పడుతుంది. ఇది క్రైస్తవ సంగీతం కాదు, ఆరాధనలో వాడమని మేము చెప్పడం లేదు. అయితే రాగం మనకు పరాయిది కాదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన పైన రాగము, తాళము పేర్లు అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారి వంటి భక్తులు మన నేల మీది కీర్తన పద్ధతినే సువార్తకు వాడుకున్నారు. ఈనాడు ఆ పేర్లు చదివి, ఆ రాగంలో పాడగలవారు ఎందరున్నారు? పిల్లలకు రాగం మీద ఆశ పుట్టించడానికి ఈ ఆల్బము మంచి సాధనం.

3. ప్రార్థనాలయంలో రెండు గిటార్లు

మూడవది 'ఎ మీటింగ్ బై ద రివర్'. నది ఒడ్డున కలయిక అని అర్థం. రాజస్థాన్‌లోని జయపురానికి చెందిన విశ్వమోహన్ భట్‌గారు, అమెరికా గిటారు విద్వాంసుడు రై కూడర్ కలిసి వాయించిన ఆల్బము ఇది.

భట్‌గారి చేతిలోనిదీ మార్పు పొందిన వాయిద్యమే. గిటారుకు అదనపు తీగలు బిగించి, మొత్తం 20 తీగలతో మోహనవీణ అనే పేరు పెట్టారు. ఒడిలో పెట్టుకుని, తీగల మీద లోహపు కడ్డీని జారుస్తూ వాయిస్తారు. కూడర్ కూడా తీగ మీద జార్చి వాయించే పద్ధతిలోనే ఆరితేరినవాడు. ఆ రోజుకు ముందు వీరిద్దరూ కలిసి వాయించినవారు కారు. 1992లో కాలిఫోర్నియాలో శాంతా బార్బరా పట్టణంలోని ఒక సెమినరీ ప్రార్థనాలయంలో కూర్చుని వాయించారు. తబలా మీద సుఖ్విందర్ సింగ్ నామ్‌ధారి, చిన్న డోలు మీద కూడర్ కుమారుడు జోకిమ్ సహకరించారు. ఆ అబ్బాయి అప్పటికి పద్నాలుగేళ్లవాడు. 1993లో ఆల్బము విడుదలై, 1994లో గ్రామీ బహుమతి పొందింది.

ఇందులో ఉన్నవి నాలుగే. వాయించేవారి భాషలు వేరు, మతాలు వేరు, పద్ధతులు వేరు. అయినా ఒకరు వాయిస్తుంటే రెండవవారు తగ్గి వింటారు. ఎవరూ ఎవరినీ మించాలని చూడరు. మన సంఘ కమిటీలు కూర్చునే ముందు ఒకసారి దీన్ని వినిపించాలని మాకు అనిపిస్తుంది.

చివరిదైన 'ఈసా లే' ఫిజీ దీవుల వీడ్కోలు పాట బాణీ. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా కూలి ఒప్పందాలపై ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన వారిలో మన తెలుగువారూ ఉన్నారు. వారిలో అనేకులు మళ్లీ తమ ఊరు చూడలేదు. గల్ఫుకో, పట్నానికో బిడ్డను పంపి బస్టాండులో నిలబడిన తల్లిదండ్రులు ఈ బాణీ వింటే ఎవరూ అర్థం చెప్పనక్కర లేదు.

4. పల్లె తాళాల మీద ఆరాధన క్రమము

నాలుగు, అయిదు ఆల్బములు రోమన్ కేథలిక్ ఆరాధన క్రమానికి కట్టినవి. మాకు, వారికి కొన్ని విషయాల్లో భేదముందని మన పాఠకులకు తెలుసు. కాని కనికరించుమనే మొర, దేవునికి మహిమ, విశ్వాస ప్రమాణము, పరిశుద్ధుడనే స్తుతి, దేవుని గొర్రెపిల్ల అనే ప్రార్థన - ఈ అయిదూ మన సి.ఎస్.ఐ., లూథరన్ ఆరాధన క్రమాల్లోనూ ఉన్నవే.

'మిసా క్రియోల్యా' 1964లో అర్జెంటీనా దేశపు స్వరకర్త ఆరియెల్ రమీరెజ్ రాసినది. అంతవరకు ఆ ఆరాధన లాటిను భాషలోనే జరిగేది. 1963 డిసెంబరులో వాటికన్ మహాసభ స్థానిక భాషలకు దారి తెరిచింది. రమీరెజ్ వెంటనే ప్రజల స్పానిషు భాషను తీసుకున్నాడు. భాషతో ఆగలేదు. మొరకు ఒక ప్రాంతపు ఒంటరి కొండపాట, మహిమకు పండుగ నాట్యపు నడక, విశ్వాస ప్రమాణానికి ఇంకొక పల్లె నాట్యం. ఇలా అయిదు భాగాలకు జానపదుల చేతుల్లో ఉన్న తాళాలే పెట్టాడు. కొండవాసులు వాయించే చిన్న తీగవాద్యం చరాంగో, తొలిచిన చెట్టు మానుకు తోలు బిగించిన బొంబో డోలు ఇందులో మోగుతాయి. జానపద గాయకులైన లోస్ ఫ్రొంతెరిసోస్ బృందం చర్చి గాయకులతో కలిసి పాడింది.

దీని వెనుక ఒక సంగతిని రమీరెజ్ చెప్పుకునేవాడు. యవ్వనంలో జర్మనీలో ఉన్నప్పుడు ఆయనకు ఇద్దరు సన్యాసినులు పరిచయమయ్యారు. యుద్ధకాలంలో వారి నివాసానికి ఎదురుగా నాజీల బందీఖానా ఉండేదట. పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసీ, వారు రాత్రివేళ కంచె సందులోంచి ఖైదీలకు రొట్టె అందించేవారట. వారికి కృతజ్ఞతగా ఏదైనా భక్తి గీతం రాయాలనే తలంపే ఏళ్ల తరువాత ఇలా ఫలించింది. మొత్తం ఇరవై నిమిషాల లోపే. రాత్రి భోజనాలయ్యాక కుటుంబమంతా కూర్చుని వినడానికి అయిదింటిలో ఇదే సులువైనది.

5. కాంగో పిల్లల 'మిస్సా లూబా'

అయిదవదాన్ని మేము వేదాంత విద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఒక గురువుగారి అరిగిపోయిన క్యాసెట్టులో మొదటిసారి విన్నాం. అప్పుడు దాని విలువ తెలియలేదు. డప్పు తగవు తరువాత అది గుర్తుకు వచ్చింది.

బెల్జియం పాలనలో ఉన్న కాంగోలో, కటాంగా ప్రాంతపు కమీనా పట్టణంలో గీడో హాజెన్ అనే బెల్జియం ఫాదరు ఉండేవాడు. ఆయన బడిపిల్లలతో, ఉపాధ్యాయులతో ఒక గాయక బృందాన్ని కూర్చాడు. చాలా మిషను బళ్లలో పిల్లలకు యూరపు బాణీలు నేర్పుతున్న కాలమది. ఈయన ఆ పిల్లల ఇళ్లలోని పాటలనే పాడనిచ్చాడు. అందరూ కలిసి వరుసలు కట్టుకున్నారు. కొంత భాగం పాడుతూ పాడుతూనే అల్లుకున్నారు. లాటిను మాటలు అవే, బాణీ మాత్రం లూబా ప్రజలది. డోళ్లు, గిలకలు, పిల్లల, ఉపాధ్యాయుల గొంతులు తప్ప వేరే ఏమీ లేవు. 1958లో రికార్డు చేశారు. అదే ఏడాది ఆ పిల్లలు యూరపుకు వెళ్లి, బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలోనూ పాడారు.

అందులో మొదటి పాటకు, అంటే 'ప్రభువా, కనికరించుము' అనే మొరకు, వారు తీసుకున్న వరుస ఏమిటో తెలుసా? చనిపోయినవారి కోసం లూబా ప్రజలు పాడే శోకగీతం వరుస! 'పరిశుద్ధుడు' అనే స్తుతికి వీడ్కోలు పాట వరుస. చావు ఇంటి పాటను వారు దాచిపెట్టలేదు, తెచ్చి దేవుని ఎదుట నిలబెట్టారు.

ఒక సాయంకాలం ఆ పెద్దాయనను, యౌవనస్థులను మా ఇంటికి పిలిచి టీ ఇచ్చి, ఈ ఆల్బము వినిపించాం. శోకగీతం సంగతి కూడా చెప్పాం. కుర్రవాళ్లు డోళ్లు వినగానే తొడల మీద దరువు వేశారు. పెద్దాయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. అయిపోయాక ఒక్క ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, ఈ పిల్లలను ఎవరైనా కొట్టమంటే కొట్టారా, వాళ్లంతట వాళ్లే కొట్టారా?"

మేము ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆ దేశం అప్పటికి స్వతంత్రం కాదు. 1960 జూన్ 30న గాని వారికి స్వాతంత్ర్యం రాలేదు. ఆ బృందానికి పెట్టిన పేరే 'బోదువాన్ రాజుగారి గాయకులు', ఆయన అప్పటి బెల్జియం రాజు. పైన పేరు పాలించేవారిది, లోపల పాట మాత్రం పిల్లల అమ్మమ్మలది అన్నాం. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. "పాట వాళ్లదే. అది తెలుస్తానే ఉంది" అని లేచి వెళ్లిపోయారు.

ఆ ఏడు క్రిస్మస్‌కు డప్పు మోగలేదు. మేమూ బలవంతం చేయలేదు. దెబ్బ తిన్నవారు తమంతట తాము చేయి చాపాలి గాని, ఇంకొకరు చాపించకూడదు.

మరుసటి ఏడు డిసెంబరులో ఒక రాత్రి, క్రిస్మస్ పాటలకు ఇల్లిల్లూ తిరగడానికి యౌవనస్థులు బయలుదేరుతుండగా పెద్దాయన వచ్చారు. పిల్లలు ఎక్కడినుంచో తెచ్చిన డప్పు మంచుకు మెత్తబడి బద్బద్‌మంటోంది. "అట్లా కాదురా, తోలు కాగాలి" అంటూ గడ్డి మంట వేసి, డప్పును సెగకు తిప్పి తిప్పి కాచారు. వేలితో తట్టి చూసి, సిర్ర, చిటికెన పుల్ల మనవడి చేతికిచ్చి, ఏ చేత ఏది పట్టాలో చూపించారు. "మా నాయన కొట్టమంటే కొట్టాడు. నువ్వు కొట్టాలనుంటేనే కొట్టు" అన్నారు. ఆ రాత్రి మా ఊరి వీధుల్లో పుట్టుక వార్త చెప్పడానికి డప్పు మోగింది.

గుడి లోపలికి అది ఇంకా రాలేదు. వస్తుందో రాదో ఆయన, ఆయనవంటివారు నిర్ణయించాలి. కాని మా తగవు మాత్రం తీరింది.

ఎలా వినాలి?

ఒకప్పుడు ఇలాంటి ఆల్బము కావాలంటే పట్నంలో కొట్లన్నీ తిరగవలసి వచ్చేది. ఇప్పుడు మీ పిల్లల సెల్‌ఫోనులోనే పేరు కొట్టి వెదకవచ్చు. మా సలహాలు మూడు. ఒకటి, వారానికి ఒక్కటే వినండి. రెండు, వింటున్నంతసేపు వేరే పని పెట్టుకోకండి, ఫోను బొమ్మ వైపు చూడకుండా బల్ల మీద బోర్లా పెట్టండి. మూడు, అయిపోయాక ఇంట్లో పెద్దవారిని అడగండి: "నాన్నమ్మా, నీ చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ పాట పాడేవారు?" ఆమె పాడితే ఆ ఫోనులోనే రికార్డు చేయండి. శ్రుతి తప్పినా దిద్దవద్దు.

ఈ అయిదు ఆల్బములూ ఖరీదైన యంత్రాల వల్ల గొప్పవి కాలేదు. పారేసిన టేపు ముక్క, పనికిరాదన్న మాండలిన్, తీగలు మార్చిన గిటారు, పల్లె డోలు, చావు ఇంటి వరుస - ఇతరులు పక్కన పెట్టినదాన్ని ఎవరో ఒకరు గౌరవంతో చేతికి తీసుకున్నారు. కొత్త పాట అక్కడ పుట్టింది. 150వ కీర్తనలో బూర, సితార, తంబుర, తాళాలు అన్నిటికీ పిలుపు ఉంది. ఆ జాబితాలో మన ఇంటి అటక మీద ఏముందో, మన వెనుక వరుసలో ఎవరున్నారో ఈ నెల ఒకసారి వెదకి చూద్దాం.